సబ్బుబిళ్ల మీద పన్ను: ఒకే రేటు అందరికీ న్యాయమేనా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు 'విద్య విలువ' గురించి రాద్దామనుకున్నాను. కానీ దాని మీద ప్రతి సంచికలో ఇద్దరు ముగ్గురు రాస్తూనే ఉన్నారు. అందుకని ఎం.ఏ. అర్థశాస్త్రంలో నేను చదువుకున్నవాటిలో మనకు బాగా అవసరమనిపించిన పాఠం ఒకటి రాస్తున్నాను. ఇది పన్నుల పాఠం. పేరు వినగానే పేజీ తిప్పేయకండి. ముందు ఒక సంగతి చెబుతాను.

ఇంటర్ చదివే రోజుల్లో కల్వకుర్తిలో హైదరాబాద్ బస్సు ఎక్కాను. పక్క సీట్లో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఎక్కడ చదువుతున్నావని అడిగాడు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదువుతున్నానని చెప్పాను. "బాగా చదువుకో బాబూ. మేం కట్టే ట్యాక్సులతోనే కదా మీకు తిండి, బట్ట, చదువు" అన్నాడు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. నేను తల వంచుకొని "అవును సార్" అన్నాను.

ఆ 'అవును సార్' నన్ను చాలా రోజులు బాధపెట్టింది. మా నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మ కలుపుకు, పత్తి ఏరడానికి పోతుంది. మా ఇంట్లో ఇన్‌కంట్యాక్స్ అనే మాట కూడా ఎవరికీ తెలియదు. కాబట్టి ఆయన అన్నది నిజమే అనుకున్నాను. అది సగం మాత్రమే నిజమని డిగ్రీ రెండో సంవత్సరంలో ప్రభుత్వ విత్తశాస్త్రం చదివినప్పుడు తెలిసింది. మీకు ఎవరైనా ఆ మాట అంటే నాలాగా తల వంచుకోవద్దని ఈ వ్యాసం.

కనిపించే పన్ను, కనిపించని పన్ను

పన్నులు రెండు రకాలు. ఆదాయం మీద నేరుగా కట్టేది ప్రత్యక్ష పన్ను. ఇన్‌కంట్యాక్స్ అలాంటిది. కట్టేవాడికి కాగితం వస్తుంది, తాను కట్టానని తెలుస్తుంది, అందుకే బస్సులో గర్వంగా చెప్పుకుంటాడు. రెండోది పరోక్ష పన్ను. అమ్మకం పన్ను, వ్యాట్, ఇప్పటి జీఎస్టీ ఈ రకం. ప్రభుత్వానికి జమ చేసేది వ్యాపారి. భరించేది మాత్రం కొన్నవాడు. వస్తువు ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి కట్టినట్టు మనకే తెలియదు.

మన హాస్టల్ లెక్కే చూద్దాం. 2024 చివర్లో పెంచేదాకా మగపిల్లలకు కాస్మెటిక్ చార్జీలు నెలకు 62 రూపాయలు. అందులో క్షవరానికి 12 పోను మిగిలింది 50. సబ్బు, తలనూనె, పేస్టు అన్నీ అందులోనే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నేను పదో తరగతి. సబ్బు, తలనూనె, టూత్‌పేస్ట్ మీద 18 శాతం వేశారు. ధరలో ఉన్న పన్ను తెలుసుకోవడానికి ఒక చిన్న సూత్రం ఉంది: ధరను 18తో గుణించి 118తో భాగించాలి. ఎందుకంటే 100 రూపాయల సరుకు పన్నుతో కలిపి 118 అవుతుంది. ఆ లెక్కన 50 రూపాయల్లో పన్ను 7 రూపాయల 63 పైసలు.

అంటే ప్రభుత్వం సబ్బుకని మనకు ఇచ్చిన 50 రూపాయల్లో ఏడున్నర రూపాయలకు పైగా అదే నెలలో ప్రభుత్వానికే తిరిగి వెళ్లింది. వందమంది పిల్లలున్న హాస్టల్ నుంచి నెలకు 763 రూపాయలు. పదో తరగతి పిల్లవాడు పన్ను కట్టేవాడు కాదని ఎవరంటారు?

ఇక్కడ కొందరికి ఒక అనుమానం రావచ్చు. "మన గల్లీలో సేటు బిల్లే ఇవ్వడు, అతనికి జీఎస్టీ నంబరే లేదు, ఇక పన్ను ఎక్కడిది?" అని. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ సేటు సరుకు తెచ్చేది పెద్ద హోల్‌సేల్ దుకాణం నుంచి. అక్కడ పన్ను కట్టే తెస్తాడు. నంబరు లేనివాడు ఆ పన్నును వెనక్కి తీసుకోలేడు. కాబట్టి అది ధరలో కలిసి మన దగ్గరికే వస్తుంది. సబ్బు కాగితం మీద 'అన్ని పన్నులతో కలిపి' అని అచ్చయి ఉంటుంది, ఈసారి చదవండి.

అందరికీ ఒకటే అంటే

అమ్మకం పన్నును సమర్థించేవాళ్లు చెప్పే మొదటి మాట: "కొన్నవాళ్లందరికీ ఒకటే రేటు. కలెక్టరైనా, కూలీ అయినా సబ్బుకు అదే పన్ను. ఇంతకంటే సమానత్వం ఏముంది?" వినడానికి బాగుంటుంది. తూకంలో పెట్టి చూద్దాం.

అందరి ఆదాయం మీద 10 శాతం పన్ను అనుకుందాం. దీన్ని అనుపాత పన్ను అంటారు. నెలకు 14,000 వచ్చే ఇంటి నుంచి 1,400 పోతుంది. 1,40,000 వచ్చే ఇంటి నుంచి 14,000 పోతుంది. రెండో ఇల్లు పది రెట్లు ఎక్కువ కట్టింది, కాగితం మీద న్యాయమే. కానీ మొదటి ఇంట్లో 1,400 పోతే పప్పు, నూనె, అవ్వ మందుల్లో ఏదో ఒకటి ఆగుతుంది. రెండో ఇంట్లో కొత్త ఫ్రిజ్ రెండు నెలలు ఆలస్యమవుతుంది. శాతం ఒకటే, బరువు ఒకటి కాదు. యార్డులో మా నాయిన చెప్పే మాట ఒకటుంది. క్వింటాలు బస్తా అందరికీ క్వింటాలే, కానీ తిన్నవాడి భుజం వేరు, తినని వాడి భుజం వేరు.

అమ్మకం పన్ను దీనికంటే ఒక మెట్టు కిందికి దిగుతుంది. అది ఆదాయం మీద పడదు, ఖర్చు మీద పడుతుంది. పేదవాడు వచ్చిందంతా ఖర్చు పెడతాడు, కొన్ని నెలలు అప్పు తెచ్చి మరీ పెడతాడు. ఉన్నవాడు సగం ఖర్చుపెట్టి మిగతా సగం ప్లాట్లలో, బ్యాంకులో వేసుకుంటాడు. ఆ దాచుకున్న సగం అమ్మకం పన్నుకు దొరకదు. కాబట్టి ఆదాయంలో వంతుగా చూస్తే కింది వాడి మీద ఎక్కువ, పైవాడి మీద తక్కువ పడే గుణం దానికి ఉంది. ఇలాంటిదాన్ని తిరోగామి పన్ను అంటారు. ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగేది పురోగామి పన్ను. పరీక్షల్లో ఈ మూడు మాటల తేడా తప్పకుండా అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

'అందరికీ ఒకటే' పన్ను మన రాష్ట్రంలోనే ఇంకొకటి ఉంది. వృత్తి పన్ను. జీతం నెలకు 15,000 దాకా లేదు. 20,000 దాకా 150 రూపాయలు. ఆ పైన ఎంత జీతమైనా 200. అంటే 21,000 తెచ్చుకునే కొత్త ప్రైవేటు ఉద్యోగి 200 కడతాడు, రెండు లక్షలు తెచ్చుకునే అధికారి కూడా 200 కడతాడు. మొదటివాడి జీతంలో అది దాదాపు ఒక శాతం, రెండోవాడి జీతంలో వెయ్యికి ఒక రూపాయి. ప్రభుత్వం కావాలనుకున్నా పెద్ద జీతాల మీద ఎక్కువ వేయలేదు. రాజ్యాంగం 276వ అధికరణం వృత్తి పన్నుకు సంవత్సరానికి 2,500 రూపాయల హద్దు పెట్టింది. ఆ హద్దు 1988లో 60వ సవరణతో వచ్చింది, అంతకుముందు 250 రూపాయలే. అప్పటినుంచి జీతాలు ఎన్ని రెట్లు పెరిగాయో మీరే ఆలోచించండి, ఆ హద్దు మాత్రం కదలలేదు.

ఇంగ్లండులో ఇంతకంటే ముందుకు పోయి, మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తలకింత అని పన్ను వేసింది. 1989లో స్కాట్లండులో, 1990లో ఇంగ్లండు, వేల్స్‌లలో. లార్డుకూ, అతని ఇంటి తోటమాలికీ ఒకటే. 1990 మార్చిలో లండన్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి, 1993 నాటికి ఆ పన్ను పోయింది. మన దగ్గర ఇలాంటి పన్నుల మీద పోరాటాలు దానికంటే పాతవి. పల్నాడులో అడవిలో పశువులు మేపుకున్నందుకు వేసిన పుల్లరి కట్టబోమని నిలబడిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. నిజాం రాజ్యంలో గోండుల మీద వేసిన పశువుల మేత పన్ను మీద కొమురం భీం చేసిన పోరాటం 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణంతో ముగిసింది. చరిత్ర పుస్తకంలో ఇవి చదివినప్పుడు వీటిని పన్నుల పాఠంగా మనకెవరూ చెప్పలేదు.

అంబేద్కర్ గారు బడ్జెట్ మీద ఏమన్నారు

మన హాస్టల్ గోడ మీద బాబాసాహెబ్ ఫొటో ఉంది. ఆయన రాజ్యాంగం రాశారని అందరికీ తెలుసు. ఆయన మొదట అర్థశాస్త్రవేత్త అని చాలామందికి తెలియదు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన రాసిన పుస్తకం 1925లో వచ్చింది. పన్నులు, ఖర్చులు, కేంద్రం రాష్ట్రాల మధ్య పంపకం, అంతా అందులోనే.

1927లో బొంబాయి శాసనమండలి సభ్యుడైన వెంటనే, ఫిబ్రవరిలో, బడ్జెట్ మీద మాట్లాడారు. ఆ ప్రసంగంలో ఆయన పట్టుకున్న విషయం సరిగ్గా ఇదే. ఒక ఎకరం ఉన్న రైతుకూ, జాగీర్దారుకూ భూమిశిస్తు ఒకే రేటున వేస్తున్నారు. పంట పండినా ఎండినా కట్టాల్సిందే. అదే ఇన్‌కంట్యాక్స్ అయితే చిన్న ఆదాయాలను వదిలేస్తారు, పెద్ద ఆదాయాల మీద రేటు పెరుగుతుంది. మరి వ్యాపారి ఆదాయానికి ఉన్న ఆ దయ రైతుకు ఎందుకు లేదని ఆయన ప్రశ్న. ఇది చదివిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది. బస్సులో నాకు రాని జవాబు ఆయన దాదాపు వందేళ్ల కిందటే చెప్పి ఉన్నారు.

తర్వాత రాజ్యాంగంలో కూడా అమ్మకం పన్నుకు ఒక కళ్లెం పెట్టారు. ప్రజల జీవితానికి అత్యవసరమని పార్లమెంటు ప్రకటించిన సరుకుల మీద రాష్ట్రాలు అమ్మకం పన్ను వేయాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలని మొదటి 286వ అధికరణంలో ఉండేది. 1956లో ఆరో సవరణతో ఆ అధికరణాన్ని మార్చేశారు.

అమ్మకం పన్ను ఎలా వచ్చింది

దీని పుట్టుక కథ ఆసక్తిగా ఉంటుంది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడపలకు పెంచింది. సారా మీద వచ్చే ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. దేశంలో అలాంటిది అదే మొదలు. మన హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో వచ్చింది, 1957లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే చట్టం అయింది. 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్, 2017 నుంచి జీఎస్టీ.

నిషేధం తర్వాత చాలాచోట్ల పోయింది, అమ్మకం పన్ను మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు రాష్ట్రానికి రెండూ ఉన్నాయి. జీఎస్టీ రేట్లు ఢిల్లీలో కౌన్సిల్ నిర్ణయిస్తుంది. ఇన్‌కంట్యాక్స్ వేసే అధికారం రాష్ట్రానికి లేదు. వృత్తి పన్నుకు హద్దు ఉంది. ఇక సొంతంగా పెంచుకోగలిగిన పెద్ద ఆదాయాలు మద్యం, పెట్రోలు, డీజిలు, రిజిస్ట్రేషన్లే. అందుకే మన రాష్ట్రంలో 2015 నుంచి పెట్రోలు మీద 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం వ్యాట్. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు. మూటలు మోసి ఒళ్లు నొప్పులకని తాగే క్వార్టర్ సీసాలో సరుకు ఖరీదు ఎంత, పన్ను ఎంత అన్నది ఒక పెద్ద పాఠమే అవుతుంది. ఇంట్లో వాళ్లు కూడా ఈ పుస్తకం చదివించుకొని వింటారు కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయను.

జీఎస్టీ మొదటి రేట్లు చూస్తే ఎవరి కోసం రాశారో అర్థం కాదు. బంగారం మీద 3 శాతం. సబ్బు మీద 18. బీడీ మీద 28. ఆడపిల్లల శానిటరీ న్యాప్‌కిన్ల మీద 12 శాతం వేసి, దేశమంతా గొడవ జరిగాక 2018 జూలైలో తీసేశారు. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద 5 శాతం ఉండేది, 2022 జనవరి 1 నుంచి 12 చేశారు. 2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం వేశారు. అప్పుడు వ్యాపారులు ఏం చేశారో తెలుసా? 26 కిలోల బస్తాలు తెచ్చారు! మనవాళ్ల తెలివికి పాఠ్యపుస్తకం చాలదు.

2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 రేట్లు తీసేసి, ఎక్కువ సరుకులను 5, 18 కిందికి తెచ్చారు. ఒంటి సబ్బు, తలనూనె, పేస్టు, బిస్కెట్లు 18 నుంచి 5కు దిగాయి. పెన్సిళ్లు, నోటు పుస్తకాల మీద పన్ను పోయింది. సైకిల్ 12 నుంచి 5 అయింది. మంచిదే, సంతోషించాలి. కానీ ఎనిమిదేళ్లు మనం 18 కట్టాం. బట్టల సబ్బు, పౌడరు ఇప్పటికీ 18 దగ్గరే ఉన్నాయి.

రెండో వైపు

ఒకవైపే చెబితే పాఠం కాదు. అమ్మకం పన్నును పూర్తిగా తిట్టడం తేలిక, నేనూ క్లాసులో అలాగే మాట్లాడి మా సార్ దగ్గర మాట పడ్డాను. ఆయన అడిగిన ప్రశ్నలు న్యాయమైనవే. విడి బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, ఉప్పు మీద జీఎస్టీ లేదు. పేదవాడి ఖర్చులో పెద్ద భాగం ఇవే. రేషన్ దుకాణంలో 2025 ఉగాది నుంచి సన్న బియ్యం ఉచితం. కాబట్టి కూలి ఇంటి మీద పడే పన్ను మనం కోపంలో ఊహించినంత ఉండదు. ఇంకోటి, స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో అమ్మకం పన్ను 25 శాతం. అక్కడి పేదలు మనకంటే హాయిగా ఉన్నారు. ఎందుకంటే ఆ డబ్బు బడిగా, ఆసుపత్రిగా, పింఛనుగా తిరిగి వస్తుంది.

ఈ రెండో మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. పన్ను న్యాయమా కాదా అన్నది వసూలు చేసే చోటే తేలిపోదు, ఖర్చు పెట్టే చోట కూడా తేలాలి. సబ్బు మీద పన్ను తీసుకొని మంచి హాస్టల్ నడిపితే అది ఒక రకం. పన్ను తీసుకుంటూనే మెస్ చార్జీలు ఏళ్ల తరబడి పెంచకుండా ఉంటే అది ఇంకో రకం. ఎనిమిది నుంచి పది తరగతుల వారికి నెలకు 1,100 ఉన్న డైట్ చార్జీలు 2024 చివర్లో 1,540 అయ్యాయి. ఆ మధ్యకాలంలో నూనె, పప్పు ధర ఎంత పెరిగిందో, మన పప్పుచారు ఎంత పలచబడిందో తిన్నవాళ్లకు తెలుసు. అది ఎవరో దయతో పెట్టే అన్నం అనుకున్నంత కాలం అడగడానికి నోరు రాదు. మన అమ్మానాయినలు కట్టిన డబ్బు కూడా అందులో ఉందని తెలిస్తే, చార్జీలు ధరలతో పాటు ఎందుకు పెరగవని మర్యాదగానే అడగవచ్చు.

మా ఇంటి లెక్క

2025 ఆగస్టులో సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నెల ఖర్చు పుస్తకంలో రాశాను. అమ్మ చెప్పింది, నేను రాశాను. ఆ నెల ఇంటికి వచ్చిన కూలి మొత్తం 14,000.

నూనె ప్యాకెట్లు, చక్కెర, చాయపత్త, గ్యాస్ బండలో సగం కలిపి 1,350. వీటి మీద 5 శాతం, అంటే పన్ను 64 రూపాయలు. సబ్బులు, పౌడరు, తలనూనె, పేస్టు, చిన్నోడి బిస్కెట్లు 708. అప్పటి రేటు 18, పన్ను 108. రెండు ఫోన్లకు 299 చొప్పున రీఛార్జ్ 598. అందులో 91. అవ్వ బీపీ గోలీలు, నాయిన నొప్పుల గోలీలు 560. అప్పటి రేటు 12, పన్ను 60. తమ్ముడి బండిలో పెట్రోలు 500. అందులో రాష్ట్ర వ్యాట్ ఒక్కటే సుమారు 130, కేంద్రం తీసుకునే సుంకం నేను కలపలేదు. బీడీలు, ఇంకోటి కూడా అమ్మ చెప్పనివ్వలేదు. మొత్తం కూడితే సుమారు 454 రూపాయలు. సెప్టెంబరు తర్వాతి రేట్లతో అదే ఖర్చుకు మళ్లీ వేశాను. సుమారు 367 వచ్చింది.

మీరు కూడా ఈ సెలవుల్లో మీ ఇంటి లెక్క వేయండి. 5 శాతం సరుకుకు ధరను 5తో గుణించి 105తో భాగించాలి, 18 అయితే పైన చెప్పినట్టే. విడి బియ్యం, కూరగాయలకు సున్నా వేయండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి వేస్తే వాళ్లకూ తెలుస్తుంది.

మా అమ్మకు ఆ 454 చూపించి, "ఇది నువ్వు గవర్నమెంటుకు కట్టిన పన్ను" అన్నాను. నమ్మలేదు. "నేనెప్పుడు కట్టిన? నా దగ్గరికి ఎవరొచ్చిన్రు?" అన్నది. సబ్బు కాగితం చూపించి, లెక్క చెప్పి, నీ కలుపు కూలి రోజుకు 400 అనుకుంటే నెలలో ఒక దినం పని, ఇంకొంచెం కూడా దీనికే పోతుందన్నాను. అమ్మ కొంతసేపు ఏమీ అనలేదు. చాట పక్కన పెట్టి, "అది ఏ దినమో ముందే చెప్పు బిడ్డా, ఆ దినం కూలికి పోకుంట ఇంటికాడ పంట" అన్నది.